కంప్యూటర్ సందేహాలు: ఖాళీ ఉందా, లేదా? సేటుకు ఏం చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాదాపు ఒకే గొడవ గురించి ఉన్నాయి. డేటాబేస్ శుభ్రం చేశాక రిపోర్టులో కనిపించే ‘ఖాళీ’ అంకె అసలు దేన్ని లెక్కపెడుతోంది అని. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగైంది, టీ పెట్టుకుని చదవండి.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ. ఏడెనిమిది బియ్యం మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. వడ్ల లారీ కాంటా మీదికి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా సెకనుకు నాలుగు రీడింగులు పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్‌లో ఒకే టేబుల్‌లో పడతాయి, తూకం మీద తగాదా వస్తే చూపించడానికి. నాలుగు సీజన్లవి పన్నెండు కోట్ల రికార్డులు పేరుకుని టేబుల్ 11 జీబీ అయింది. మొన్న యాసంగి వడ్లు అయిపోగానే పాత మూడు సీజన్లవి డిలీట్ చేసిన, ఎనిమిది కోట్ల పైచిలుకు రికార్డులు. డిస్క్‌లో ఒక్క ఎంబీ తగ్గలేదు. తెల్లారి వ్యాక్యూమ్ వెర్బోస్ (శుభ్రం చేసి, ఏం చేసిందో రిపోర్టు ఇచ్చే కమాండ్) నడిపితే ‘పేజెస్: 0 రిమూవ్డ్, 1441792 రిమెయిన్’ అని, ‘టపుల్స్: 0 రిమూవ్డ్’ అని వచ్చింది (టపుల్ అంటే రికార్డే). టేబుల్ లోపలి ఖాళీ కొలిచే పీజీ స్టాట్ టపుల్ అడిగితే ఫ్రీ పర్సెంట్ 72 అంటోంది. డిస్క్ చూస్తే 100 జీబీలో 88 నిండే ఉంది. మిల్లు సేటు నెలనెలా రిపోర్టు అడుగుతాడు. ‘ఓసారి ఖాళీ ఉందంటావు, ఓసారి లేదంటావు, ఏదో ఒకటి చెప్పు’ అని కేకలు. వ్యాక్యూమ్ ఫుల్ కొట్టేయమంటావా?

జవాబు: తమ్ముడూ, నీ అంకెల్లో తప్పేమీ లేదు. మూడు వేర్వేరు ఖాళీలను ఒకే మాటతో పిలుస్తున్నాం, తిప్పలంతా అక్కడే.

ముందు ఆ సున్నా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నిన్ను బాగా టెన్షన్ పెట్టింది అదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ అంటే రికార్డును చెరిపేయడం కాదు. బస్తా మీద చాక్‌పీసుతో గీత పెట్టి ‘ఇది లెక్కలోంచి పోయింది’ అనుకోవడం, అంతే. బస్తా అక్కడే ఉంటుంది. దాన్ని తీసి ఆ చోటు ఖాళీ చేసేది వ్యాక్యూమ్. నువ్వు తెల్లారి నడిపేసరికి ‘రిమూవ్డ్ 0’ వచ్చిందంటే, రాత్రికి రాత్రే ఆటోవ్యాక్యూమ్ వచ్చి ఆ పని చేసి వెళ్ళిపోయి ఉంటుంది. టేబుల్‌లో చచ్చిన రికార్డులు 20 శాతం ప్లస్ ఒక 50 దాటితే అది తనంతట తాను లేస్తుంది, సెట్టింగులు మార్చకపోతే. నీ పన్నెండు కోట్లలో ఇరవై శాతమంటే రెండు కోట్ల నలభై లక్షలు, నువ్వు తీసింది ఎనిమిది కోట్లు. అనుమానముంటే పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లాస్ట్_ఆటోవ్యాక్యూమ్ కాలమ్ చూడు, టైముతో సహా ఉంటుంది. (ఇందులోనే ఇంకో మెలిక ఉంది. రోజుకు లక్ష చొప్పున డిలీట్ చేసేవాళ్ళ టేబుల్ ఇంత పెద్దదైతే, ఆ రెండు కోట్ల నలభై లక్షలు చేరేదాకా ఆటోవ్యాక్యూమ్ దాని మొహం కూడా చూడదు. అలాంటి టేబుల్‌కు ఒక్కదానికే ఆ 20 శాతాన్ని 1 శాతానికో 2 శాతానికో తగ్గించుకోవచ్చు.)

ఇక ఖాళీ సంగతి. నువ్వు సాగర్ ఎడమ కాలువ కింద ఒక గోదాము కిరాయికి తీసుకున్నావనుకో. లోపల మూడు వంతులు బస్తాలు తీసేశావు. నీ లెక్కలో గోదాము ఖాళీ. ఓనర్ లెక్కలో? గోదాము ఇచ్చేశాడు, అంతే, వేరేవాళ్ళకు ఇవ్వడానికి లేదు. డిస్క్ ఆ ఓనర్ లాంటిది. పీజీ స్టాట్ టపుల్ గోదాము లోపలికెళ్ళి చూసి 72 శాతం ఖాళీ అంది. డిస్క్ లెక్క చూపించే డీఎఫ్ కమాండ్ బయట నిలబడి 11 జీబీ గోదాము కిరాయికి పోయింది అంది. రెండూ నిజమే.

మరి మూడోది? వాచ్‌మన్ నోటుబుక్కు. దాని పేరే ఫ్రీ స్పేస్ మ్యాప్. కొత్త రికార్డు వస్తే పోస్ట్‌గ్రెస్ గోదామంతా తిరిగి చోటు వెతకదు, ఈ బుక్కు తెరిచి చూస్తుంది. వ్యాక్యూమ్ ఊడుస్తూ ఊడుస్తూ ‘ఫలానా పేజీలో ఇంత చోటు’ అని ఇందులో రాసుకుంటూ పోతుంది (టేబుల్ ఫైలును సమాన ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క ఒక పేజీ). ఈ బుక్కును మనం కూడా చదవొచ్చు, పీజీ_ఫ్రీస్పేస్‌మ్యాప్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే చాలు. నీ టేబుల్ పేరిచ్చి అడుగు, ఒక్కో పేజీకి ఒక్కో వరుస వస్తుంది. ఒక పేజీకి 8160, ఇంకోదానికి 0, ఇంకోదానికి 2336 ఇలా. ఆ అంకెల్ని 32తో భాగించి చూడు, అన్నీ తెగుతాయి. ఎందుకంటే పేజీ 8192 బైట్లు, బుక్కులో పేజీకి ఇచ్చింది ఒకే ఒక్క బైటు, అందులో పట్టేవి 256 మెట్లు, ఒక్కో మెట్టు 32 బైట్లు. అంటే ఇది తూకం కాదు, కంటి అంచనా. పైగా రికార్డులు పడుతున్నకొద్దీ ఎప్పటికప్పుడు దిద్దుకునే లెక్క కూడా కాదు. కొత్త రికార్డుకు చోటు చూపించడానికైతే ఈ అంచనా బ్రహ్మాండంగా సరిపోతుంది. సేటుకు నెల రిపోర్టులో రాయడానికి సరిపోదు, దానికి పీజీ స్టాట్ టపుల్ వాడు. అది టేబుల్‌ను మొదటి నుంచి చివరిదాకా నిజంగా చదివి చెబుతుంది. అందుకే లారీలు బారులు తీరిన పగటిపూట 11 జీబీ టేబుల్ మీద దాన్ని నడపకు. కొంచెం అటూ ఇటైనా పర్లేదనుకుంటే పీజీస్టాట్‌టపుల్_అప్రాక్స్ ఉంది, పేజీలు చాలావరకు వదిలేసి ఆ ఫ్రీ స్పేస్ మ్యాప్ అంకెలే తీసుకుని త్వరగా చెప్పేస్తుంది.

ఇంకోమాట, రిపోర్టు ఎప్పుడు తీస్తున్నావన్నది కూడా చూసుకో. వ్యాక్యూమ్‌కు ముందు తీస్తే ఆ చోటంతా ‘డెడ్ టపుల్’ ఖాతాలో ఉంటుంది, ఫ్రీ తక్కువ కనిపిస్తుంది. తర్వాత తీస్తే అదే చోటు ఫ్రీ ఖాతాలోకి వస్తుంది. మధ్యలో తీస్తే సగం ఊడ్చిన ఇంటికి ఫొటో తీసినట్టే. పోయిన నెల ముందు తీసి ఈ నెల తర్వాత తీస్తే, ఏమీ జరగకపోయినా ఏదో జరిగినట్టు కనిపిస్తుంది. పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_వ్యాక్యూమ్ చూస్తే పని ఇంకా నడుస్తోందా లేదా తెలిసిపోతుంది, అందులో వరుసలేవీ లేకుండా పోయాకే రిపోర్టు తియ్యి.

అయితే మూడు వంతులు ఖాళీ అయినా ఫైలు ఎందుకు చిన్నది కాలేదు? వ్యాక్యూమ్‌కు ఫైలును కత్తిరించడం వచ్చు, కాకపోతే తోక వైపు నుంచే. చివరి పేజీలు వరసగా పూర్తిగా ఖాళీ అయితే వాటిని కోసి డిస్క్‌కు ఇచ్చేస్తుంది. నీ టేబుల్‌లో ఏమైందో ఊహించుకో. పాత సీజన్లు ముందు పడ్డాయి, ఫైలు తల వైపు ఉన్నాయి. కొత్త సీజన్ తోకలో ఉంది. నువ్వు తీసేసింది తలను. గోదాములో లోపలి బస్తాలన్నీ తీసి, తలుపు దగ్గర దొంతర అలాగే ఉంచావు. అందుకే ‘పేజెస్: 0 రిమూవ్డ్’. నీ డిలీట్ కమాండ్‌లో తప్పేం లేదు, ఎవరు చేసినా ఇంతే అవుతుంది.

సరే, వ్యాక్యూమ్ ఫుల్ కొట్టాలా? నన్ను ఎవరడిగినా మొదటి మాటగా వద్దంటాను. అది టేబుల్‌ను కొత్త ఫైల్లోకి తిరగరాసి పాతది పారేస్తుంది. అది నడిచినంతసేపూ ఆ టేబుల్‌ను రాయడమే కాదు, చదవడం కూడా ఎవరివల్లా కాదు. కాంటా మీద లారీ ఉండగా కొట్టావంటే వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. పని అయ్యేదాకా పాత ఫైలూ కొత్త ఫైలూ రెండూ డిస్క్‌లో ఉండాలి, వాటికి తోడు వాల్ ఫైళ్ళు (WAL, పోస్ట్‌గ్రెస్ తాను చేసే మార్పులు రాసుకునే లాగ్). పైగా చాలామంది అంత కష్టపడి కోసుకున్న చోటు వచ్చే సీజన్‌లో మళ్ళీ నిండిపోతుంది. గోదాము ఖాళీగా ఉందని కూలగొట్టి, వానాకాలం వడ్లు రాగానే మళ్ళీ కట్టుకున్నట్టు. ఖాళీ ఉంటే ఉండనీ, అది వచ్చే పంటకు చోటు.

కానీ నీ కేసులో ఒక లెక్క వెయ్యి. 11 జీబీలో 72 శాతమంటే 7.9 జీబీ. నీకు నాలుగు సీజన్లకు 11 జీబీ అయితే సీజన్‌కు దాదాపు 2.75. అంటే లోపల ఇంచుమించు మూడు సీజన్లకు సరిపడా చోటుంది. ఇకపై ఏటేటా ఒక్క సీజన్‌దే ఉంచుకుంటానంటే అంత అక్కర్లేదు. కాబట్టి ఒక్కసారికి, ఒకే ఒక్కసారికి, సీజన్ కాని రోజుల్లో కాంటాలు బందైన రాత్రి వ్యాక్యూమ్ ఫుల్ కొట్టుకో, తప్పు లేదు. కొత్త కాపీ మూడు జీబీ పైచిలుకు, ఇండెక్స్‌లు, వాల్ కలిపినా డిస్క్‌లో మిగిలిన 12 జీబీలో పట్టేలా ఉంది, అయినా ముందు ఇండెక్స్‌ల సైజు చూసుకుని, బ్యాకప్ తీసుకునే మొదలుపెట్టు. డిస్క్ 99 శాతం అయ్యాక ఈ ఉత్తరం రాసుంటే ఈ దారి కూడా మూసుకుపోయేది. కాంటాలు ఒక్క గంట కూడా ఆపలేమంటే పీజీ_రీప్యాక్ అని వేరే పనిముట్టు ఉంది, మొదట్లో చివర్లో మాత్రం కాసేపు లాక్ పట్టుకుని మిగతా పని పక్కన చేసుకుంటుంది, దానికి టేబుల్ మీద ప్రైమరీ కీ లాంటిది ఉండాలి, డిస్క్‌లో చోటు మాత్రం దానికీ కావాల్సిందే.

అంతకంటే మంచిది, తీరిక దొరికినప్పుడు ఆ టేబుల్‌ను సీజన్‌కొక పార్టిషన్‌గా విడగొట్టు. అప్పుడు పాత సీజన్ తీసేయడమంటే ఒక డ్రాప్. ఎనిమిది కోట్ల గీతలు గీసే పని లేదు, వ్యాక్యూమ్ కోసం ఎదురుచూపు లేదు, ఫైలే పోతుంది, డిస్క్ అప్పటికప్పుడు తగ్గుతుంది.

సేటు రిపోర్టులో ఒకే అంకె రాయకు. డిస్క్‌లో మిగిలింది 12 జీబీ, టేబుల్ పట్టుకున్నది 11 జీబీ, టేబుల్ లోపల వాడుకోవడానికి ఉన్నది 7.9 జీబీ, పక్కన తారీఖు. కింద తెలుగులో ఒక ముక్క: ‘డిస్క్ ఒక్క అంగుళం పెరగకుండా ఇంకా రెండున్నర సీజన్ల తూకాలు పడతాయి.’ సేటుకు కావాల్సింది ఆ ముక్క. జీబీలతో ఆయనకేం పని? ఫుల్ కొట్టాక అంకెలు మారతాయి కాబట్టి ఆ నెల మళ్ళీ లెక్క వేసుకో.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను అన్నయ్యా. రోజూ రాత్రి వ్యాక్యూమ్ పెట్టాం, నడుస్తుంది కూడా. కానీ రిపోర్టులో ‘డెడ్ బట్ నాట్ యెట్ రిమూవబుల్’ దగ్గర అంకె రోజురోజుకూ పెరుగుతోంది, ఇప్పుడు 40 లక్షలు. ఫ్రీ స్పేస్ మాత్రం పెరగడం లేదు. వ్యాక్యూమ్ పాడైందా?

జవాబు: పాడవలేదు చెల్లెమ్మా, దాని చేతులు ఎవరో కట్టేశారు. ఎక్కడో ఒక పాత ట్రాన్సాక్షన్ (మొదలుపెట్టి, కమిట్ కొట్టి ముగించని పని) తెరిచే ఉంది. అది మొదలయ్యాక చచ్చిన రికార్డులను కూడా ‘దానికి కావాల్సి వస్తాయేమో’ అని వ్యాక్యూమ్ ముట్టుకోదు. రిపోర్టులో వచ్చే అంకెల్లో నేను ముందు చూసేది ఇదే, ఫ్రీ పర్సెంట్ కూడా తర్వాతే.

నాకు ఇది తగిలింది ఒక బతుకమ్మ పండగప్పుడు. ఒక ఆఫీసులో ఎవరో ఒక రికార్డు దిద్దడం మొదలుపెట్టి, కమిట్ కొట్టకుండానే మానిటర్ ఆపేసి ఊరెళ్ళిపోయారు. మానిటర్ ఆపారు, కంప్యూటర్ కాదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆ ట్రాన్సాక్షన్ అలాగే ఉంది. రోజూ రాత్రి వ్యాక్యూమ్ వచ్చి, అంతా తిరిగి, ఏమీ తియ్యలేక వెళ్ళేది. నేను మాత్రం మూడు రోజులు ఆటోవ్యాక్యూమ్ సెట్టింగులు తిప్పుతూ కూర్చున్నాను, ఆ రిపోర్టులో లైను కళ్ళెదుటే ఉన్నా చదవలేదు.

నువ్వు చేయాల్సింది: పీజీ_స్టాట్_యాక్టివిటీలో ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (xact_start, ట్రాన్సాక్షన్ మొదలైన టైము) ప్రకారం పాతవి పైకి వచ్చేలా చూడు. స్టేట్ ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఉండి, నిన్నటిదో మొన్నటిదో తారీఖు ఉంటే దొంగ దొరికినట్టే. ఏ కంప్యూటర్ నుంచి అన్నది క్లయింట్ అడ్రస్‌లో ఉంటుంది. కూర్చున్నవాళ్ళను ఒకమాట అడిగి, ఆ తర్వాతే ఆ కనెక్షన్‌ను తెంపేసే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ కొట్టు. వాళ్ళు దిద్దింది పోతుంది, ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. అక్కడ ఏమీ దొరక్కపోతే ఇంకో రెండు చోట్లు వెతకాలి: ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (వేరే సర్వర్‌కు కాపీ పంపడానికి పెట్టేది), మధ్యలో వదిలేసిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్ (రెండు దశల్లో కమిట్ చేసేది). మళ్ళీ ఇలా కాకుండా ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ అనే సెట్టింగుకు ఒక పావుగంటో అరగంటో పెట్టుకో, పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి ఉంది. మామూలుగా అది సున్నా, అంటే ఎంతసేపైనా ఊరుకుంటుంది.

అడ్డు తీసేశాక రాత్రి వ్యాక్యూమ్ రిపోర్టులో ఆ 40 లక్షలు రిమూవ్డ్ వైపుకు వస్తాయి. టేబుల్ సైజు తగ్గలేదని మళ్ళీ ఉత్తరం రాయొద్దు, పై జవాబు చదువు.

ప్రశ్న: కోఠిలో కొన్న పాత పుస్తకంలో మ్యాక్స్_ఎఫ్‌ఎస్‌ఎం_పేజెస్ పెంచాలని, వ్యాక్యూమ్ వెర్బోస్ చివరి లైన్లలో ఎన్ని పేజ్ స్లాట్లు కావాలో చెబుతుందని ఉంది. నాకు ఆ లైన్లే రావడం లేదు. – సూర్యాపేట

జవాబు: రావు. ఆ పుస్తకం పాతది. ఒకప్పుడు ఆ వాచ్‌మన్ బుక్కు (ఫ్రీ స్పేస్ మ్యాప్, అదే ఎఫ్‌ఎస్‌ఎం) షేర్డ్ మెమరీలో ఉండేది, దానికి ఇన్నే పేజీలని ముందే చెప్పి పెట్టాలి, స్లాటుకు ఆరు బైట్లు. చాలకపోతే వ్యాక్యూమ్ చోటు కనిపెట్టి కూడా రాసుకునే జాగా లేక మర్చిపోయేది, టేబుల్ అనవసరంగా ఉబ్బేది. అందుకే ఆ చివరి లైన్లు అప్పట్లో అంత ముఖ్యం. 2009లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 8.4తో ఆ బుక్కు డిస్క్ మీదికి మారింది, ప్రతి టేబుల్ పక్కన _ఎఫ్‌ఎస్‌ఎం తోకతో ఒక చిన్న ఫైలు, దానంతటదే పెరుగుతుంది. సెట్టింగు తీసేశారు. ఇప్పటి కాన్ఫిగ్ ఫైల్లో ఆ లైను రాస్తే సర్వర్ అసలు లేవదు, ప్రయోగాలు చేయకు. పుస్తకం పారేయకు కూడా, మిగతా ఎస్‌క్యూఎల్ పాఠాలు పనికొస్తాయి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా బత్తాయి కమీషన్ లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రాంలో, లోపల ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్). పాత సంవత్సరాలు తీసేసినా ఫైలు అంతే ఉంది. ఇక్కడా వ్యాక్యూమేనా?

జవాబు: పేరు అదే, పని వేరు. ఎస్‌క్యూలైట్‌లో వ్యాక్యూమ్ అంటే ఫైలు మొత్తం తిరగరాసి నిజంగానే చిన్నది చేయడం, అంటే పోస్ట్‌గ్రెస్ వ్యాక్యూమ్ ఫుల్ లాంటిది. పేరు చూసి రెండూ ఒకటే అనుకుని దెబ్బతిన్నవాళ్ళున్నారు. ముందు ఎంత వస్తుందో చూసుకో: ప్రాగ్మా ఫ్రీలిస్ట్_కౌంట్ (ఖాళీ పేజీలెన్ని) అడుగు, ప్రాగ్మా పేజ్_సైజ్ అడుగు, రెండూ గుణించు. 51200 పేజీలు, పేజీ 4096 బైట్లు అయితే సరిగ్గా 200 ఎంబీ. ఇది పూర్తిగా ఖాళీ అయిన పేజీల లెక్క మాత్రమే, సగం సగం నిండినవి ఇందులో రావు, కాబట్టి తిరగరాశాక ఇంకాస్త ఎక్కువే తగ్గొచ్చు. పది ఎంబీ కోసమైతే వదిలెయ్యి, వచ్చే కాపుకు అవే పేజీలు వాడుకుంటుంది. చేయాలనుకుంటే ప్రోగ్రాం మూసేసి, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకుని, ఫైలు సైజుకు రెండింతల దాకా డిస్క్‌లో చోటుందో లేదో చూసుకుని అప్పుడు కొట్టు. ఛార్జర్ పెట్టుకుని కూర్చో, మీ వైపు కరెంటు సంగతి నీకే బాగా తెలుసు.